నదిలోని నత్రజని ఎవరిది? నక్కపల్లి తీరానికి ఇప్పుడే కావలసిన ఆధార రేఖ

అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలం రెండు నదుల నడుమ ఉన్న తీరభూమి. ఈశాన్యాన వరాహ నది నర్సీపట్నం కొండల నుంచి దిగి, కోటవురట్ల మీదుగా, ఏటికొప్పాక ఒడ్డును తాకుతూ సముద్రాన్ని చేరుతుంది. నైరుతిన తాండవ నది తుని, పాయకరావుపేట పట్టణాల మధ్యగా పారి పెంటకోట వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. ఈ రెంటి నడుమ కొండవాలుల నుంచి వచ్చే గెడ్డలు చెరువులను నింపి, మిగులు నీటితో ఉప్పుటేళ్లలో పడతాయి. వరి, చెరకు, జీడిమామిడి, కొబ్బరి, సరుగుడు ఇక్కడి పంటలు. తీర గ్రామాలకు చేపలవేట జీవనాధారం.

ఈ భూమి స్వరూపం వేగంగా మారబోతున్నది. 2025 జనవరి 8న ప్రధానమంత్రి విశాఖపట్నం నుంచి నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు శంకుస్థాపన చేశారు. ఇదే తీరానికి భారీ ఉక్కు కర్మాగారం ప్రతిపాదన కూడా వచ్చింది. అదే ఏడాది రాజయ్యపేట మత్స్యకారులు ఔషధ పార్కుకు వ్యతిరేకంగా ఆందోళనకు దిగారు. పరిశ్రమ రావాలా వద్దా అన్నది ప్రజలూ ప్రభుత్వమూ తేల్చుకోవలసిన విషయం. వ్యవసాయ శాస్త్రం ముందున్న ప్రశ్న వేరు. రేపు ఈ గెడ్డల్లోనో, బావుల్లోనో, నదీముఖాల్లోనో నత్రజని పెరిగినట్లు తేలితే, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగల ఆధారం ఎవరి వద్ద ఉంటుంది? రైతు పరిశ్రమను వేలెత్తి చూపుతాడు. పరిశ్రమ యూరియాను చూపుతుంది. ఇద్దరూ కలిసి పట్టణపు మురుగును చూపవచ్చు. ఆనాడు శాస్త్రం నోరు విప్పగలగాలంటే, కొలతలు పరిశ్రమ నీరు కలవకముందే, అంటే ఇప్పుడే, మొదలు కావాలి. ఆ తరువాత ఎంత ఖర్చు చేసినా ఈనాటి నీటిని తిరిగి తెచ్చి కొలవడం సాధ్యం కాదు.

పరిమాణం తెలిసినంత మాత్రాన మూలం తెలియదు

తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ విధించిన హద్దు 50 మిల్లీగ్రాములు. కేంద్ర భూగర్భ జల మండలి 2024 వార్షిక నివేదిక ప్రకారం దేశంలో పరీక్షించిన నమూనాలలో ఐదింట ఒక వంతు ఈ ప్రమాణాన్ని మించాయి. అధిక నైట్రేట్ కనిపించిన జిల్లాల సంఖ్య 440. ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు, తెలంగాణలోని రంగారెడ్డి, ఆదిలాబాద్, సిద్దిపేట సమస్య తీవ్రంగా ఉన్న జిల్లాల జాబితాలో ఉన్నాయి.

ఇటువంటి నివేదిక వెలువడగానే వినిపించే వ్యాఖ్యానం ఒక్కటే: రసాయనిక ఎరువుల మితిమీరిన వాడకం. అది చాలాచోట్ల నిజం కావచ్చు. కానీ పరీక్షనాళికలో కొలిచిన నైట్రేట్ అణువుకు పుట్టుక ధ్రువపత్రం ఉండదు. యూరియా నుంచి పుట్టిన నైట్రేట్, ఉత్తరాంధ్రలో గెత్తం అని పిలిచే పశువుల ఎరువు నుంచి పుట్టిన నైట్రేట్, మరుగుదొడ్డి గుంత నుంచి ఊరిన నైట్రేట్, రొయ్యల చెరువు అడుగు బురద నుంచి వచ్చిన నైట్రేట్ రసాయన పరీక్షలో ఒకే రంగు చూపుతాయి.

ఒక చిన్న లెక్క ఈ చిక్కును స్పష్టం చేస్తుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20.7 కిలోలు. అదంతా నైట్రేట్‌గా మారి నీటిలో కలిసిందనుకుంటే, సుమారు 20 లక్షల లీటర్ల స్వచ్ఛమైన నీరు 45 మిల్లీగ్రాముల హద్దును చేరుతుంది. మరోవైపు, సగటు భారతీయ ఆహారం తీసుకునే మనిషి ఏటా విసర్జించే నత్రజని సుమారు 2.7 కిలోలని అంచనా. అంటే ఏడెనిమిది మంది ఏడాది విసర్జన ఒక యూరియా బస్తాకు సమానం. పొలంలో వేసిన బస్తాలో కొంత భాగాన్ని పైరు తీసుకుంటుంది; కొంత నేలలో నిలుస్తుంది; కొంత గాలిలో కలుస్తుంది. శుద్ధి లేకుండా మురుగు కాలువ ద్వారా నదిలో పడే నత్రజనికి ఇటువంటి వడపోత చాలా తక్కువ. కాబట్టి ఒక పట్టణం దిగువన నైట్రేట్ పెరిగితే పైనున్న చెరకు తోటలనే దోషిగా నిలబెట్టడం లెక్కకు నిలిచే వాదన కాదు. తోటలకు దోషమే లేదనడం కూడా అంతే తొందరపాటు.

ఐసోటోపులు చెప్పేదేమిటి

మూలాన్వేషణకు శాస్త్రం కనుగొన్న ప్రధాన సాధనం స్థిర ఐసోటోపుల నిష్పత్తి. గాలిలోని నత్రజనిలో భారమైన నత్రజని-15 సుమారు 0.37 శాతం, మిగిలినదంతా నత్రజని-14. ఈ గాలినే సున్నాగా తీసుకుని, నమూనాలో భారమైన ఐసోటోపు ఎంత ఎక్కువ లేదా తక్కువ ఉందో వెయ్యింట ఎన్ని వంతులని చెబుతారు. రసాయనిక ఎరువుల నత్రజని గాలి నుంచే తీసినది గనుక దాని విలువ సున్నాకు అటూ ఇటూ, సాధారణంగా –4 నుంచి +4 మధ్య ఉంటుంది. నేలలోని సేంద్రియ నత్రజని నుంచి వచ్చే నైట్రేట్ ఎక్కువగా +3 నుంచి +8 వరకు ఉంటుంది. పశువుల ఎరువు, మానవ మురుగు నుంచి వచ్చేది +5 నుంచి +25 వరకు పోతుంది. విసర్జితాల నుంచి తేలికైన నత్రజని అమ్మోనియా రూపంలో ముందుగా ఎగిరిపోవడం వల్ల మిగిలినది బరువెక్కుతుంది.

నత్రజనితో పాటు నైట్రేట్‌లోని ఆక్సిజన్-18ని కూడా కొలిస్తే రెండో సాక్షి దొరుకుతుంది. వాన ద్వారా వాతావరణం నుంచి దిగిన నైట్రేట్‌లో ఈ విలువ +60 దాటుతుంది. కర్మాగారంలో తయారైన నైట్రేట్ ఎరువులో +17 నుంచి +25 వరకు ఉంటుంది. నేలలో సూక్ష్మజీవులు తయారుచేసిన నైట్రేట్‌లో చాలా తక్కువ, సాధారణంగా +10కి లోపు. ఈ రెండు విలువలను రెండు అక్షాల మీద గుర్తిస్తే ఏ నీరు ఏ మూలం వైపు మొగ్గుతున్నదో కనిపిస్తుంది. ఆ గుర్తుల నుంచి ఒక్కొక్క మూలం వాటాను అంచనా వేయడానికి సంభావ్యతపై ఆధారపడిన మిశ్రమ నమూనాలు కూడా ఇప్పుడు విస్తృతంగా వాడుకలో ఉన్నాయి.

చూడటానికి ఇది వేలిముద్రల శాస్త్రంలా ఉంటుంది. కానీ ఈ పోలిక దగ్గరే ప్రమాదం ఉంది. వేలిముద్ర మారదు, ఐసోటోపు నిష్పత్తి దారిపొడవునా మారుతుంది.

1971 నాటి పాఠం

ఈ ప్రమాదాన్ని మొదట అనుభవించింది అమెరికా మొక్కజొన్న ప్రాంతం. ఇల్లినాయ్ రాష్ట్రంలో స్యాంగమన్ నది నీరు డెకేటర్ పట్టణపు సరస్సును నింపుతుంది. అక్కడి నైట్రేట్ మూలాన్ని తేల్చడానికి డేనియల్ కోల్, జార్జియా షియరర్, బ్యారీ కామనర్ నత్రజని-15ను ఉపయోగించి, 1971లో సైన్స్ పత్రికలో ఒక పత్రం ప్రచురించారు. నీటిలోని నైట్రేట్‌లో కనీసం 55 శాతం ఎరువుల నుంచి వచ్చిందని వారి అంచనా. పర్యావరణ ఉద్యమానికి అది పెద్ద బలమైంది. మరుసటి ఏడాదే హాక్ తదితర నేల శాస్త్రవేత్తలు అదే పత్రికలో దాన్ని తీవ్రంగా విమర్శించారు. ఒకే పొలంలోనే నేల నత్రజని విలువ చాలా తేడాగా ఉంటుందని, నేలలో జరిగే మార్పులు ఆ విలువను మళ్లీ మళ్లీ తిరగరాస్తాయని, రెండే మూలాలున్నట్లు భావించి శాతం కట్టడం చెల్లదని వారి వాదన.

ఐదు దశాబ్దాల తరువాత చూస్తే ఇరుపక్షాలలోనూ కొంత న్యాయం కనిపిస్తుంది. ఎరువుల నత్రజని నదులను చేరుతుందన్న కామనర్ బృందం హెచ్చరిక నిలిచింది. ఒక్క ఐసోటోపుతో వాటాలు పంచలేమన్న విమర్శా నిలిచింది. నిలవనిది ఒక్కటే: ఎరువులను సమర్థించేవారు ఆ విమర్శను అడ్డం పెట్టుకుని సమస్యే లేదనడం. నక్కపల్లి విషయంలో వ్యవసాయ శాస్త్రవేత్తలు ఈ మూడింటినీ గుర్తుంచుకోవాలి.

యూరియా దేశంలో చిక్కు రెట్టింపు

మూలాల పట్టికల్లో ఎక్కువ భాగం నైట్రేట్ ఎరువులు వాడే దేశాలలో రూపొందినవి. భారతదేశంలో నత్రజని ఎరువు అంటే ప్రధానంగా యూరియా. ఈ తేడా వల్ల మూడు చిక్కులు వస్తాయి.

మొదటిది, యూరియాలో నైట్రేట్ ఉండదు. అది నేలలో అమ్మోనియంగా, తరువాత సూక్ష్మజీవుల వల్ల నైట్రేట్‌గా మారుతుంది. ఆ నైట్రేట్‌లోని మూడు ఆక్సిజన్ పరమాణువుల్లో రెండు నీటి నుంచి, ఒకటి గాలిలోని ఆక్సిజన్ నుంచి వస్తాయని అంచనా. గెత్తం, మురుగు, నేల సేంద్రియ పదార్థం నుంచి పుట్టే నైట్రేట్ కూడా ఇదే దారిలో తయారవుతుంది. కనుక ఆక్సిజన్-18 అనే రెండో సాక్షి ఇక్కడ యూరియాకూ గెత్తానికీ తేడా చెప్పలేదు.

రెండోది, వరి మడిలో నిలిచిన నీటిపై యూరియా చల్లినప్పుడు నీటి క్షారత పెరిగి అమ్మోనియా ఎగిరిపోతుంది. తేలికైనది ముందుగా పోవడంతో మిగిలిన నత్రజని బరువెక్కుతుంది. గాలి ఆడని మడి నేలలో నైట్రేట్ వాయురూపం పొంది పోయేటప్పుడూ ఇదే జరుగుతుంది. ఇలా బరువెక్కిన యూరియా నత్రజని పట్టికలో పశువుల ఎరువు గడిలోకి జరుగుతుంది. అనుభవం లేని విశ్లేషకుడు దాన్ని మురుగుగా పొరబడతాడు. రెండో మార్పును మాత్రం కొంతవరకు పట్టుకోవచ్చు. నైట్రేట్ వాయువుగా పోయేటప్పుడు నత్రజని-15, ఆక్సిజన్-18 రెండూ ఒక నిర్దిష్ట నిష్పత్తిలో కలిసి పెరుగుతాయి. నైట్రేట్ పరిమాణం తగ్గుతుంది. అమ్మోనియా నష్టానికి నైట్రేట్‌లో అటువంటి జాడ మిగలదు.

మూడోది నక్కపల్లికి అన్నిటికన్నా ముఖ్యమైనది. ఔషధ పరిశ్రమలో వాడే అమ్మోనియా కూడా ఎరువుల కర్మాగారపు అమ్మోనియా లాగానే గాలిలోని నత్రజని నుంచి తయారవుతుంది. ఆ అమ్మోనియా వ్యర్థజలంలో చేరి, నీటిలో నైట్రేట్‌గా మారితే, దాని ఐసోటోపు విలువ రైతు వేసిన యూరియా విలువ పక్కనే పడుతుంది. రెండింటి పుట్టిల్లు ఒక్కటే. నత్రికామ్లం నుంచి వచ్చిన నైట్రేట్ నేరుగా నీటిలో పడితే ఆక్సిజన్-18 దాన్ని కొంతవరకు పట్టిస్తుంది. అదీ సూక్ష్మజీవుల చేతిలో పడి మారేవరకే. అంటే పరిశ్రమ మొదలైన తరువాత మాత్రమే నమూనాలు తీసుకుని, పాఠ్యపుస్తకంలోని పట్టికతో సరిచూస్తే, పరిశ్రమ నత్రజని రైతు ఖాతాలో పడే ప్రమాదం ఉంది. రైతు నత్రజని పరిశ్రమ ఖాతాలో పడే ప్రమాదమూ అంతే ఉంది. ఈ చిక్కు తీరాలంటే ముందటి స్థితి తెలియాలి. దాన్నే ఆధార రేఖ అంటారు.

ఆధార రేఖలో ఏముండాలి

ఈ తీరంలో ఔషధ ఉత్పత్తి ఇప్పటికే కొంత ఉంది. కాబట్టి ఇప్పుడు గీసే రేఖ కన్నెనీటి రేఖ కాబోదు. అయినా పెద్ద మార్పుకు ముందటి రేఖగా దానికి విలువ ఉంటుంది.

నమూనాలు తీసే చోట్లు మూలాలను వేరుచేసేలా ఉండాలి. వరాహ మీద కొండ దిగువన సాగు మొదలవకముందు ఒకటి, నర్సీపట్నం దిగువన ఒకటి, ఏటికొప్పాక వద్ద ఒకటి, పోటు నీరు ఎక్కే హద్దుకు ఎగువన ఒకటి కనీస అవసరం. తాండవ మీద జలాశయం కింద, తుని–పాయకరావుపేటలకు ఎగువన, దిగువన తీయాలి. నక్కపల్లి మండలంలో నేరుగా సముద్రంలో పడే గెడ్డలను, తీర గ్రామాల బావులను విడిచిపెట్టరాదు. చిన్న గెడ్డలే మార్పును ముందుగా చూపుతాయి.

కాలం కూడా చోటంత ముఖ్యం. వేసవిలో ప్రవాహం సన్నబడినప్పుడు మురుగు వాటా పైకి తేలుతుంది. తొలకరి వరదలో ఎండాకాలమంతా నేలలో పోగైన నైట్రేట్ ఒక్కసారిగా కొట్టుకొస్తుంది. పైపాటు యూరియా వేసిన తరువాత పడే వానలు మూడో సందర్భం. అక్టోబరు, నవంబరు తుపాను వానలు నాలుగోది. ప్రతిసారీ ప్రవాహ పరిమాణాన్ని కూడా కొలవాలి. లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములన్నది తాగేవారికి కావాలి. రోజుకు ఎన్ని కిలోల నత్రజని సముద్రంలో పడుతున్నదన్నది మూలాన్వేషణకు కావాలి.

ఐసోటోపుల పక్కన తోడు సాక్షులు ఉండాలి. లోతట్టు ప్రాంతాలలో మురుగును పట్టడానికి క్లోరైడ్, బోరాన్ బాగా ఉపకరిస్తాయి. తీరంలో అవి మోసం చేస్తాయి. సముద్రపు నీటిలో రెండూ సమృద్ధిగా ఉంటాయి. అందువల్ల పోటు తగిలే చోట మనుషుల వాడకం నుంచి మాత్రమే వచ్చే కెఫీన్, కృత్రిమ తీపి పదార్థాలు, మలసంబంధ బాక్టీరియా నమ్మదగిన సాక్షులు. పరిశ్రమ నుంచి రాగల ప్రత్యేక ద్రావణుల, ఔషధ అవశేషాల పరీక్ష కూడా ఇప్పుడే ఒకసారి జరగాలి. ఈనాడు అవి లేవని తెలిస్తేనే రేపు కనిపించినదానికి అర్థం ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం స్థానిక మూలాల విలువలను స్థానికంగానే కొలవడం. ఇక్కడి చెరకు నేల, ఇక్కడి గెత్తం, ఇక్కడి మురుగు కాలువ, ఇక్కడి దుకాణంలో అమ్మే వేపపూత యూరియా, దాన్ని వేసిన పది రోజులకు మడి నీరు ఏ విలువలు చూపుతాయో తెలియకుండా పరదేశపు పట్టికను అరువు తెచ్చుకోవడమే 1971 నాటి పొరపాటును మళ్లీ చేయడం. ఈ పని వ్యవసాయ విశ్వవిద్యాలయం చేయగలిగినది, చేయవలసినది. 1913లో చెరకు పరిశోధన కేంద్రంగా మొదలైన అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి ఈ నేలలతో శతాబ్దానికి పైబడిన పరిచయం ఉంది. విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రానికి నదీముఖాలలో నత్రజని అధ్యయనం చేసిన అనుభవం ఉంది. ఈ రెండు అనుభవాలూ ఒకే నమూనా సీసా వద్ద కలవాలి.

దీనికి తోడు మండలాల వారీ నత్రజని జమాఖర్చు తయారుచేయాలి. 2018 నుంచి దేశమంతటా ఎరువుల అమ్మకం పాయింట్ ఆఫ్ సేల్ యంత్రాల ద్వారా నమోదవుతున్నది. పశుగణన, జనాభా, పంటల విస్తీర్ణం వివరాలు ప్రభుత్వం వద్ద ఉన్నాయి. ఒక విద్యార్థి పరిశోధన వ్యాసానికి ఇది చక్కని అంశం. జమాఖర్చు చెప్పేదానికి, ఐసోటోపులు చెప్పేదానికి పొంతన కుదిరితే నమ్మకం పెరుగుతుంది; కుదరకపోతే ఎక్కడ తప్పిందో వెతకడమే పరిశోధన.

రెండు అభ్యంతరాలు

ఇదంతా ఖర్చుతో కూడిన పని అన్నది మొదటి అభ్యంతరం. నిజమే, ఐసోటోపు విశ్లేషణ చౌక కాదు. కానీ అన్ని నమూనాలకూ అది అక్కరలేదు. నైట్రేట్, అమ్మోనియం, విద్యుద్వాహకత, ప్రవాహం క్రమం తప్పకుండా కొలుస్తూ, మార్పు కనిపించిన చోట, ఎంపిక చేసిన కాలాలలో మాత్రమే ఐసోటోపులకు పంపవచ్చు. నమూనాలను వడగట్టి, గడ్డకట్టించి భద్రపరిస్తే విశ్లేషణను కొంతకాలం వాయిదా వేసుకోవచ్చు. సేకరణను మాత్రం వాయిదా వేయలేము. పైగా ఆధార రేఖ రైతుకూ మత్స్యకారునికీ ఎంత రక్షణో, నిబంధనలు పాటించే పరిశ్రమకూ అంతే రక్షణ. తాను చేయని తప్పు తన మీద పడకుండా నిరూపించుకోవడానికి దానికున్న దారి కూడా ఇదే.

రెండో అభ్యంతరం మరింత గట్టిది. మూలం తేలేవరకు రైతుకు ఏ సలహా ఇవ్వాలి? అనిశ్చితి పేరుతో విస్తరణ విభాగం చేతులు ముడుచుకోవాలా? అక్కరలేదు. చెరకులో నత్రజనిని దఫాలుగా, బోదెల వెంట గుంతల్లో వేసి మట్టి కప్పడం, వీలున్నచోట బిందు సేద్యంతో కలిపి ఇవ్వడం, వరిలో ఆకురంగు పట్టికను చూసి యూరియా వేయడం, వాన సూచన ఉన్నప్పుడు పైపాటును ఆపడం, గెత్తంలోని నత్రజనిని కూడా లెక్కలోకి తీసుకుని ఎరువు మోతాదు తగ్గించడం నదిలో నైట్రేట్ ఎవరిదైనా రైతుకు లాభమే. ఈ సలహాను రైతు దోషి గనుక ఇవ్వడం లేదు, కొన్న నత్రజని పైరుకే చేరాలి గనుక ఇస్తున్నారు. ఈ తేడాను విస్తరణ శాస్త్రవేత్త రైతు ముందు స్పష్టంగా పలకాలి. దోషారోపణతో మొదలైన సలహాను ఏ రైతూ చెవికెక్కించుకోడు.

ఫలితాలను చెప్పేటప్పుడు కూడా అదే నిజాయితీ అవసరం. మిశ్రమ నమూనా యూరియా వాటా 40 శాతమని చెబితే, దాని వెనుక 20 నుంచి 60 వరకు అవకాశం ఉండవచ్చు. ఆ హద్దులను వదిలి మధ్య సంఖ్యను మాత్రమే పత్రికకు ఇవ్వడం అర్ధసత్యం. అంకెలన్నీ, నమూనాలు తీసిన చోట్లతో సహా, గ్రామ పంచాయతీలకూ, పరిశ్రమలకూ, కాలుష్య నియంత్రణ మండలికీ ఒకేసారి అందుబాటులో ఉంచాలి. ఒక పక్షానికి ముందుగా అందిన అంకెను రెండో పక్షం నమ్మదు.

కొన్నేళ్ల తరువాత రాజయ్యపేట మత్స్యకారుడో, నక్కపల్లి చెరకు రైతో ఒక సీసాలో నీరు పట్టుకుని పరిశోధన స్థానానికి వచ్చి, ఇందులో ఉన్నది ఎక్కడిదని అడిగే రోజు రావచ్చు. ఆనాడు ఇవ్వగల సమాధానం ఈ తొలకరికి ముందు నింపి, చీటీ అంటించి, భద్రపరచిన సీసాల మీద ఆధారపడి ఉంటుంది.